పది గంటల నిద్ర

గూడ్సు డ్రైవరుతో కాపురం అంటే పగటి నిద్రకి కాపలా కాయడం. పెళ్ళయిన కొత్తలో మా అత్త ఈ మాట చెబితే కిసుక్కున నవ్వాను. నవ్వినందుకు అత్త కోప్పడలేదు. కాలింగ్ బెల్ తీగ ఎక్కడ ఊడదీయాలో చూపించింది, కుక్కరు విజిల్ ఏ డబ్బాలో దాచాలో చూపించింది, కిటికీకి కట్టే నల్లగుడ్డ నా చేతికిచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా ఉద్యోగం అదే.

అత్త పేరు అప్పలనర్సమ్మ. నాకు స్వయానా మేనత్త. ఆవిడ భర్త ఎర్రయ్య మావయ్యా డ్రైవరే, కొడుకు అమర్‌నాథూ, అంటే నేను కట్టుకున్న బావా డ్రైవరే. రెండు తరాల మగవాళ్ళ నిద్ర కాచిన మనిషి. మావయ్య పోయి పన్నెండేళ్ళయినా ఆవిడ నడిస్తే చప్పుడు వచ్చేది కాదు. ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, తాల్‌బగీచా అనే పేటలో మాది రెండు గదుల సొంత ఇల్లు. బావ డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడంటే వీధిలో చేపలమ్మే అతను కూడా మా గుమ్మం దగ్గర గొంతు తగ్గించేవాడు. "దాదా ఘుమొచ్ఛే, బౌదీ?" అంటూ, అన్న నిద్రపోతున్నాడా వదినా అని గుసగుసగా అడిగి, నేను తలూపితే పక్కిల్లు దాటాక అప్పుడు కేకేసేవాడు.

వీటన్నిటికీ పైన ఇంకో నియమం ఉంది. నిద్రపోతున్న డ్రైవరుకీ, బండెక్కబోయే డ్రైవరుకీ చెడ్డ కబురు చెప్పకూడదు. బండి దిగి, తిని, పడుకుని లేచాక, ఇంకా ఇంటిపట్టున ఉండే వ్యవధి ఉంటేనే చెప్పాలి. ఎర్రయ్య మావయ్య తండ్రి శ్రీకాకుళం దగ్గర ఊళ్ళో పోతే, ఆ టెలిగ్రాం అత్త బియ్యం డబ్బాలో దాచి, మావయ్య లేచి చద్దన్నం తిన్నాక చేతిలో పెట్టిందట. "ఆ పూట బండెక్కి ఉంటే ఏటయేదో!" అని ఆ సంగతి గర్వంగా చెప్పేది. మా వాళ్ళ ఇళ్ళల్లో ఈ నియమం తప్పిన ఆడదాన్ని నేను చూడలేదు.

నేను చెప్పేది మూడేళ్ళ కిందటి ఎండాకాలం సంగతి. ఆ ఏడు మార్చిలోనే ఎండలు ముదిరాయి. ఊళ్ళన్నిటికీ కరెంటు కావాలి, కరెంటుకి బొగ్గు కావాలి, బొగ్గుకి బండ్లు కావాలి. హల్దియా రేవు వైపు నుంచి కొన్ని, టాటా వైపు నుంచి కొన్ని, బండి వెనక బండి వచ్చిపడ్డాయి. పట్టాలు అవే, నడిపే మనుషులూ వాళ్ళే. పాసింజర్లు రద్దుచేసి గూడ్సుకి దారి ఇచ్చారు. లోకల్ బండ్లు లేక బేరాలు పడిపోయాయని గోల్ బజార్ కొట్లవాళ్ళు మొత్తుకున్నారు. రెండు బండ్లు కలిపి ఒకే బండిగా నడిపారు. అయినా కదిలే బండ్లకన్నా పక్క లైన్లలో నిలబడిన బండ్లే ఎక్కువ. బావ ఎనభై కిలోమీటర్లు పోవడానికి పదకొండు గంటలు పట్టిన రోజులున్నాయి. నిలబడ్డంత సేపూ కునుకు తీయడానికి లేదు. సిగ్నలు ఎప్పుడు మారుతుందో తెలీదు, దాని మీద నుంచి కళ్ళు తిప్పకూడదు. ఇంటికొచ్చేసరికి ఆ కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి.

ఇంట్లో పదహారు గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఇచ్చేవారు, అబద్ధం ఆడకూడదు. కాకపోతే మామూలు రోజుల్లో విశ్రాంతి అయ్యాక కూడా ఒక పూటో, ఒక రోజో పిలుపు కోసం కూచునేవాడు. ఆ వ్యవధిలోనే మా కాపురం, బజారు పనులు, పెళ్ళిళ్ళు, తగాదాలు అన్నీ జరిగేవి. ఆ ఎండాకాలంలో ఆ వ్యవధి మాయమైపోయింది. లేవడం, తినడం, పెట్టె సర్దుకోవడం. లేచిన మనిషికీ బండెక్కే మనిషికీ మధ్య గట్టిగా రెండు ముద్దల అన్నం తినేంత సందు ఉండేది. అత్త నియమంలో చెప్పడానికంటూ ఒక చోటుంది కదా, ఆ చోటే లేకుండా పోయిందని నాకప్పుడు తట్టలేదు.

బావ పడుకుంటే ఫోను నా దగ్గరుండేది. డ్రైవర్లు సంతకం పెట్టి బండెక్కే లాబీ ఆఫీసులో వాళ్ళని డ్యూటీకి పిలిచేది సొలొమోను. మా వాడే, చిన్నప్పుడు మా నాన్న వాళ్ళ క్వార్టర్ల వెనక ఉండేవాడు, నన్ను అక్కా అనేవాడు. "అక్కా, బావకి నిద్దర సాలినాదా?" అని అడిగి మరీ బండి పేరు చెప్పేవాడు. నేను ఒక్కసారి కూడా లేదనలేదు. ఒకసారి జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు కూడా వస్తాడనే చెప్పాను. దానికి కారణం ఉంది. జూలైలో పాసింజర్ బండ్లకి వెళ్ళేవాళ్ళ లిస్టు రావాలి. బావ గూడ్సులో పద్నాలుగేళ్ళు చేశాడు, ఆ లిస్టులో ఆయన పేరు ఉండి తీరాలి. పాసింజరు అయితే టైమని ఒకటి ఏడుస్తుంది. ఏ రోజు ఇంట్లో ఉంటాడో కాలెండరు మీద రాసుకోవచ్చు. మా అమ్మాయి వెన్నెల మూడో క్లాసులో ఉండగా టీచరు నాన్న బొమ్మ గీయమంటే, గోడ వైపు తిరిగి పడుకున్న మనిషిని గీసింది. టీచరు నవ్విందట. నేను నవ్వలేకపోయాను. వెన్నెల ఆ ఏడు భువనేశ్వర్‌లో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది, బొమ్మ మాత్రం నా బీరువాలో ఉంది. జూలై వరకూ ఆయన పేరు మీద ఒక్క మచ్చ పడకూడదు. ఒక్క పిలుపు కాదన్నా ఎవరో ఎక్కడో రాసుకుంటారని నా భయం.

బావకి ఆ తపన లేదు. ఏప్రిల్‌లో ఒక పొద్దున్న అన్నం ముందు కూచుని కళ్ళు మూసుకునే అన్నాడు. "గూడ్సయితే ఏటే నీలా? ఎనకాల బొగ్గు. ఏడవదు, అరవదు, గొలుసు లాగదు."

"ఇంటికాడ నాను అరుత్తాను కదా. నువ్వు దీపాలయేల ఇంటికొచ్చే రోజు ఒకటి నాక్కావాల."

"పాసింజరోడు మాత్రం రోజూ దీపాలయేల కొస్తాడేటి?"

"రోజూ ఒద్దు. ఏ రోజు వత్తావో తెలిస్తే సాలు."

ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. చూస్తే నిద్రపోయాడు. చెయ్యి కడిగి తీసుకెళ్ళి పడుకోబెట్టాను.

ఆ నెలలోనే డ్రైవర్ల భార్యలకి ఒక సదస్సు పెట్టారు. పెద్ద హాలు, కూలర్లు, సమోసా పొట్లాలు. ఒక ఆఫీసరు హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇంట్లో నిద్ర బాగుంటే బండి భద్రం, ఇంటి గొడవలు డ్రైవరు తలకెక్కించకండి, సగం బండి నడిపేది మీరే అన్నాడు. తర్వాత ప్రశ్నలు వేశారు. భర్త డ్యూటీకి వెళ్ళేముందు ఇంట్లో ఏదైనా సమస్య వస్తే ఏం చేస్తారు? నేను చెయ్యెత్తి మా అత్త టెలిగ్రాం సంగతి చెప్పాను. హాలంతా చప్పట్లు. స్టీలు హాట్‌ప్యాక్ బహుమతి ఇచ్చారు. ఇంటికొచ్చి అత్తకి చూపిస్తే, "నా కతకి నీకిచ్చినారేటే?" అని మూతి ముడిచి, రెండు రోజులు దాన్నే ముందు పెట్టుకుని కూచుంది.

మే నెల మూడో వారం, మంగళవారం. బావ పొద్దున్న ఆరింటికి ఇల్లు చేరాడు. పద్నాలుగు గంటల డ్యూటీ. నీళ్ళు పోసుకుని, రెండు ఇడ్లీలు తిని, ఏడింటికి పడుకున్నాడు. నేను నల్లగుడ్డ కట్టి, ఫ్యాను పెంచి, తలుపు దగ్గరగా వేశాను. అత్త పెరట్లో వడియాలు పెట్టడానికి పాత పంచె పరుస్తోంది. తొమ్మిదిన్నరకి గరిటె తీసుకుని వెళ్ళేసరికి ఆవిడ నేల మీద ఉంది.

పడి ఎంతసేపయిందో నాకు తెలీదు. పక్కకి ఒరిగి ఉంది, పిండి గిన్నె దూరంగా దొర్లింది. ఆవిడ కొంగు సగం నోట్లో ఉంది. అరుపు బయటికి రాకుండా కుక్కుకుంది. లాగబోతే తల అడ్డంగా ఊపింది.

"అత్తా! ఏటైనాది అత్తా?"

"అరవకే..." అంది. మాట ముద్దగా వచ్చింది. "ఆడు తొంగున్నాడు."

ఎడమ చెయ్యి లేవలేదు. పక్కింటి సింహాచలమ్మని గోడ మీద నుంచి సైగచేసి పిలిచాను. ఆవిడ డ్రైవరు ఇంటి కోడలు కాకపోయినా మా పక్కన ఇరవై ఏళ్ళుంది, ఒక్క మాట పైకి రాకుండా వచ్చింది. బ్యాటరీ రిక్షా టోటో అతన్ని సందు చివరే ఆపమని, హారను కొట్టొద్దని చెప్పాం. ఇద్దరం కలిసి అత్తని పెరటి తలుపులోంచి మోసుకెళ్ళాం, దొంగసొమ్ము మోసుకుపోతున్నట్టు. టోటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని అత్త ఒకటే మాట. "ఆడికి ఇప్పుడు సెప్పకు. లెగిసినాక సెప్పు."

లేచాక చెప్పమంది. ఆ మాట నేను బాగానే విన్నాను.

ఆస్పత్రిలో బెంగాలీ డాక్టరమ్మ చాలా శ్రద్ధగా చూసింది. బీపీ ఎక్కడికో పోయింది, తలలో రక్తనాళం దెబ్బతిన్నట్టుంది, ఇరవై నాలుగ్గంటలు గడవాలి అంది. "ఛేలే ఆఛే? డాకున్." కొడుకున్నాడా, పిలవండి అని. "డ్యూటీ మే హై" అన్నాను. నాకు తెలీకుండానే నోట్లోంచి వచ్చేసింది. డాక్టరమ్మ రైల్వే ఆస్పత్రిలో పనిచేసే మనిషి, ఆ మాట రోజుకి పదిసార్లు వింటుంది, తలూపి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సింహాచలమ్మని కూచోబెట్టి ఇంటికొచ్చి చూశాను. బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊపిరి నిండుగా ఉంది. ఎన్ని వారాల తర్వాతో అంత మంచి నిద్ర. గుమ్మంలో నిలబడి లెక్క వేసుకున్నాను. అయిదింటికి లేస్తాడు. ఏడున్నరకి పిలుపు వస్తుంది. లేచాక చెబితే ఆస్పత్రికి పరిగెడతాడు, పిలుపు కాదంటాడు, సెలవు పెడతాడు, ఇంత ఒత్తిడిలో సెలవంటే ఎలా చూస్తారో. మే, జూన్. నెలన్నర. అత్త మాట్లాడుతూనే ఉంది కదా, మర్నాడు వచ్చాక చెబుదాం. నేను చేసినది నియమం ప్రకారమే అని నాకు నేను చెప్పుకున్నాను. నియమం సగమే, మిగతా సగం నా ఆశ.

నాలుగింటికి మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాను. అత్త కళ్ళు తెరిచే ఉంది. కుడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"ఆడు లెగిసినాడేటి?"

నేను ఆవిడ దుప్పటి సర్దాను.

"ఒకపాలి రమ్మనే. సూడాలనుంది."

ఎన్ని బండ్లు ఆపగలిగిన మాటో అది. కొడుకు ఆ వేళకి రెండు కిలోమీటర్ల దూరంలో, నల్లగుడ్డ కట్టిన గదిలో ఉన్నాడు. టోటోలో పావుగంట.

"డూటీకి యెల్లిపోనాడు అత్తా," అన్నాను.

"అప్పుడేనా?"

"బండ్లు ఎక్కువున్నాయి కదా. తొందరగా పిలిసినారు."

అత్త నా మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకిప్పటికీ తెలీదు. "మరి యెల్లనీ," అని, పట్టుకున్న చెయ్యి వదిలి కళ్ళు మూసుకుంది.

బావ అయిదింటికి లేచాడు. ఒళ్ళు విరుచుకుని, చాన్నాళ్ళ తర్వాత నవ్వాడు. "బలే నిద్దర పట్టీసినాదే. ఇంట్లో ఎవులూ నేరనుకున్నాను." నిజంగానే ఎవరూ లేరు. అన్నం పెట్టాను. తింటూ అటూ ఇటూ చూశాడు.

"అమ్మేదీ?"

"సుభాష్‌పల్లి. సిన్నత్తోలింటికి యెల్లినాది. రేపొచ్చేత్తాది."

"ఈ ఎండలో ఎందుకు పంపినావు?"

"ఆవిడ ఇంటాదేటి నా మాట?"

నవ్వి ఊరుకున్నాడు. ఏడున్నరకి ఫోను. సొలొమోను గొంతు అరిగిపోయి ఉంది. పొద్దుట్నించీ ఎంతమందిని పిలిచి ఉంటాడో. "అక్కా, తొమ్మిదిన్నరకి బొగ్గు బండుంది. బావకి నిద్దర సాలినాదా?"

"పది గంటలు పడుకున్నాడు తమ్ముడా."

"నీ గొంతేటి అలగుంది? ఇంటికాడ ఏటైనా ఇబ్బందుంటే సెప్పు. ఇంకో పేరు సూస్తాను. దొరకడం కట్టవే గానీ, సూస్తాను."

వంటింటి కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. పిండి గిన్నె ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీయాలని అనుకున్నాను.

"ఇబ్బందేటీ నేదు. వత్తాడు," అన్నాను.

బావ వెళ్ళాక గిన్నె తీసి కడిగాను. అసలు సంగతి చెప్పాలంటే నా గుండెల మీంచి బరువు దిగినట్టనిపించింది. ఒక రోజు గడిచింది, ఇంక నలభై రోజులు. సిగ్గులేకుండా అలా అనుకున్నాను.

తెల్లవారాక ఆస్పత్రిలో ఉండగా సొలొమోను ఫోను చేశాడు. బావ బండి ఎర్ర సిగ్నలు దాటింది. ఎవరికీ ఏమీ కాలేదు, దేనికీ తగల్లేదు. రెండు పెట్టెల పొడవు ముందుకెళ్ళి ఆగింది. ఎదురుగా కొంత దూరంలో ఇంకో బొగ్గు బండి నిలబడి ఉంది. అంతే. కానీ మా లోకంలో ఎర్ర దీపం దాటడం అంటే అడుగయినా ఒకటే, మైలయినా ఒకటే. ఆయన్ని దింపేసి, పరీక్షలకి తీసుకెళ్ళారు, వాంగ్మూలం తీసుకుంటున్నారు. "సాయంత్రం దాకా వదలరక్కా," అని, "ఇబ్బందేటీ నేదన్నావు కదా," అన్నాడు. నిందించడానికి అనలేదు పాపం. నేను ఫోను కట్టేశాను. వెనక మంచం మీద అత్తకి తెల్లవారుజామునే మాట పోయింది.

బావ సాయంత్రం సరాసరి ఆస్పత్రికే వచ్చాడు. నేను చెప్పలేదు, తెలిసే వచ్చాడు. పెట్టె ఇంకా చేతిలోనే ఉంది. తల్లి మంచం పక్కన కూచుని, ఆవిడ కుడి చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఆవిడ కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. పెదాలు కదిలాయి, మాట లేదు.

రాత్రి కాకముందే వరండాలోకి వచ్చి నాకు చెప్పాడు. గొంతు పెంచలేదు. "ప్రేమ్‌కుమారు గార్డు. ఆడి పెళ్ళం నిన్న ఆస్పత్రిలో అమ్మని సూసినాదంట. బండి నిలబడున్నప్పుడు వాకీటాకీలో అడిగినాడు, మీ అమ్మకి ఎలగుందన్నా అని. ఎవరమ్మకి అన్నాను. సెప్పినాడు. అప్పుడే బండి కదిలింది." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "పసుపు దీపం సూసినాను నీలా, ముందర ఎర్రదుందని తెలుసు. సూసినాను. అమ్మ సుభాష్‌పల్లిలో కదా ఉంది, ఆస్పత్రేటి, నీల అబద్దం సెప్పదు కదా అనుకుంటన్నాను. సెయ్యి బ్రేకు మీదే ఉంది. అసిస్టెంటు అరిసినాక సూస్తే ఎర్రది ఎనక్కి పోయింది."

నేను ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చాను. లేవదీశాడు. లేవదీయకుండా తన్ని ఉంటే బాగుండేది.

వారం రోజుల్లో విచారణ. దానికి వెళ్ళేముందు బావ నాకు ఒకటే చెప్పాడు. "ప్రేమ్‌కుమారు మాట ఎత్తకు. వాకీటాకీలో సొంత మాటలు ఆడకూడదు. ఆడికి ఇద్దరు సిన్నపిల్లలు. మంచికే అడిగినాడు ఆడు."

"మరి నీదో?"

"నాది పోనే పోయింది. ఆడిది కూడా ఎందుకు?"

విచారణలో ఇద్దరు ఆఫీసర్లు. నాకు కుర్చీ వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఆ రోజు ఆయన ఎన్ని గంటలు పడుకున్నాడు? పది. మధ్యలో లేచాడా? లేదు. ఏమైనా చప్పుడు, గొడవ? లేదు. మద్యం? ఎప్పుడూ లేదు. రాసుకుంటూ పెద్దాయన తలెత్తాడు.

"ఆ రోజు మీ అత్తగారిని ఆస్పత్రిలో చేర్చారు కదా. ఆ సంగతి డ్యూటీకి వెళ్ళేముందు ఆయనకి తెలుసా?"

"తెలీదు. నేను చెప్పలేదు."

ఆయన మొహం మెత్తబడింది. "మంచి పని చేశారమ్మా," అన్నాడు.

తర్వాత నేను చెప్పినదంతా చదివి వినిపించి సంతకం పెట్టమన్నారు. పది గంటల పూర్తి నిద్ర. ఇంట్లో ప్రశాంత వాతావరణం. మనసుని కలతపెట్టే విషయమేదీ డ్రైవరుకి తెలియదు. అన్నీ సవ్యంగా ఉన్న మనిషి ఎర్ర సిగ్నలు దాటాడంటే ఇంక మిగిలిన కారణం ఒక్కటే, ఆయన అజాగ్రత్త. లైను మీద ఎన్ని బండ్లున్నాయి, ఆ నెలలో ఆయన ఎన్ని గంటలు ఎర్ర దీపాన్ని చూస్తూ కూచున్నాడు అన్నది నన్నెవరూ అడగలేదు, అది నేను చెప్పగలిగేదీ కాదు. నేను కాచిన నిద్రే ఆయన మీద సాక్ష్యం అయింది. పెన్ను తీసుకుని నీలవేణి అని రాశాను.

బావ బండి దిగాక అత్త తొమ్మిది రోజులు బతికింది. ఆ తొమ్మిది రోజులూ బావకి డ్యూటీ లేదు, తల్లి పక్కనే ఉన్నాడు. సగ్గుజావ చెంచాతో పట్టేవాడు, పక్క బట్టలు మార్చేవాడు. ఒక మధ్యాహ్నం నేను మందులు తీసుకుని వస్తుంటే లోపల ఆయన గొంతు వినిపించింది. చిన్నపిల్లాడిలా అడుగుతున్నాడు. "అమ్మా, నాకు సెప్పొద్దన్నది నువ్వేనా? నువ్వే అన్నావా అమ్మా?" నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. అత్త కళ్ళు ఆయన భుజం మీద నుంచి నా వైపు తిరిగాయి. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉందేమోనని ఎంత వెతికానో నాకే తెలుసు. తొమ్మిదో రోజు పొద్దున్న పోయింది.

జూలైలో లిస్టు వచ్చింది. బావకన్నా వెనక చేరినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ఉద్యోగం పూర్తిగా పోలేదు, అదొక్కటే మేలు. ఇంక ఎప్పుడూ బండి నడపకూడదని, షెడ్డు ఆఫీసులో కాగితాల పనికి పంపారు. పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి ఇంటికి వస్తాడు. రోజూ. నేను దీపం పెట్టే వేళకి చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. నేను ఏళ్ళ తరబడి కోరుకున్నది అక్షరాలా ఇదే. దాన్ని తెచ్చిపెట్టుకున్న తీరుకి నా చెంప నేనే వాయించుకోవాలనిపించేది. ఇంటికి వచ్చి బావ ఏమీ మాట్లాడేవాడు కాదు. నన్ను ఒక్క మాట అనలేదు. పెట్టినది సగం తిని, కంచం పక్కకి జరిపి, రాత్రి మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు. పిలుపు లేని మనిషికి నిద్ర కరువైంది. మనిషి సగానికి చిక్కిపోయాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం, బయట ముసురు. ఆలూ పోస్తో, అదే బంగాళదుంపల గసగసాల కూర, చేశాను. వడ్డిస్తుంటే తలెత్తకుండా అడిగాడు.

"నీలా, ఒక మాట సెప్పు. ఆ రోజు అమ్మ నాకోసం అడిగినాదా?"

గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. ఎన్నాళ్ళ నుంచి ఆ ప్రశ్న ఆయన గొంతులో ఉందో. చెప్పేయాలని నిజంగానే అనుకున్నాను. అడిగింది బావా, ఒకపాలి రమ్మంది, నువ్వు ఇంట్లోనే ఉన్నావు, నేనే డ్యూటీకి వెళ్ళిపోయావన్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన వైపు చూశాను. మెడ దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి.

"నేదు బావా," అన్నాను. "నీకు సెప్పొద్దన్నాది. కొంగు నోట్లో కుక్కుకుని కూడా అదే మాట. ఆడు తొంగున్నాడు, అరవకే అన్నాది."

"అంతేనా? మరేటీ అడగనేదా?"

"మరేటీ అడగనేదు."

"ఒట్టు?"

"ఒట్టు," అన్నాను.

ఆయన ఊపిరి వదిలాడు. భుజాలు కిందకి దిగాయి. "అమ్మ అలగే అంటాది," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "డ్రైవరు పెళ్ళం కదా." కంచం దగ్గరికి లాక్కుని, కలుపుకుని, మొత్తం తిన్నాడు. మే నెల తర్వాత మొదటిసారి మారు కూర వేయించుకున్నాడు. ఆ రాత్రి పడుకున్నది పడుకున్నట్టు నిద్రపోయాడు కూడా.

చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, "బాగుందే. రేపు క్యారేజీలోకి కూడా ఇదే పెట్టు," అన్నాడు.

పెడతానన్నాను.